డీజిల్ పంపుకు టైమింగ్ బాధ్యత వచ్చిన చరిత్ర

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ అదిమిన గాలి, నూనె దానంతట అదే అంటుకునేంత వేడెక్కుతుంది కనుక, సరైన క్షణాన నూనె చిమ్మడమే అక్కడ నిప్పు పెట్టడం. ఆ క్షణాన్ని క్రాంకు తిరిగే కోణంతో నిర్ణయించడాన్ని పంపు టైమింగ్ అంటారు. బోరు కొట్టించి కొత్త పిస్టన్లతో కట్టిన ఇంజను స్టార్టు కాక తెల్లపొగ వదిలినా, స్టార్టయి ఠంగుఠంగున కొట్టుకున్నా మెకానిక్ అనుమానం ముందుగా పంపు మీదికే పోతుంది. అయితే ఈ బాధ్యత మొదటినుంచీ పంపుది కాదు.

రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నిర్మించి, 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షకు నిలబెట్టిన ఇంజనులో నూనెను లోపలికి ఊదింది కంప్రెసర్ గాలి. పంపు నూనెను కొలిచి అందిస్తే, సూదివాల్వును కామ్ ఎత్తినప్పుడు అది లోపలికి పోయేది. ఆ కంప్రెసర్ బరువు వల్లనే డీజిల్ చాలాకాలం ఓడలకూ విద్యుత్ కేంద్రాలకూ పరిమితమైంది. స్టట్‌గార్ట్‌లోని బాష్ సంస్థ 1922లో పూనుకొని 1927లో పెద్ద ఎత్తున తయారీకి తెచ్చిన పంపు, ఆ బరువు అవసరం లేకుండా చేసి, డీజిల్ లారీలు విరివిగా రావడానికి దారితీసింది. మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కన బ్యారెల్ అనే గొట్టానికి జోడించిన, అందులో పైకీ కిందికీ కదిలే ప్లంజర్ అనే కడ్డీ పైఅంచు నూనె రంధ్రాన్ని మూసినప్పుడు చిమ్మడం మొదలవుతుంది. ప్లంజర్ ఒంటిమీది ఏటవాలు గాడి ఆ రంధ్రాన్ని తెరిచినప్పుడు ఆగుతుంది. ఎంత, ఎప్పుడు అనే రెండు ప్రశ్నలకూ ఒకే ఉక్కుకడ్డీ జవాబు చెప్పడం యంత్రనిర్మాణంలో నిజంగా గొప్ప ఊహ. 1951లో స్థాపితమైన బెంగళూరు సంస్థ మైకో ద్వారా ఈ తరహా పంపుల తయారీ భారతదేశానికి వచ్చింది.

అయితే ఆ ఊహకు మూల్యం ఉంది: టైమింగ్ ఏమాత్రం తప్పకూడదు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో ఒక డిగ్రీ అంటే సెకనులో 9000వ వంతు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పంపు క్రాంకు వేగంలో సగంతో తిరుగుతుంది కనుక, దాని చక్రానికి 60 పళ్లుంటే ఒక పన్ను తప్పితే క్రాంకు వద్ద 12 డిగ్రీలు తప్పుతాయి. ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో ఉందనుకొని ఎగ్జాస్టు చివర పంపు బిగిస్తే తేడా పూర్తిగా ఒక చుట్టు. గేర్ల మధ్య ఐడ్లర్ చక్రం ఉన్నచోట, సరిగా కట్టిన ఇంజనులోనూ కొద్ది చుట్లు తిప్పగానే గేర్ల మీది టైమింగ్ గుర్తులు విడిపోతాయి; అది తప్పనుకొని మళ్లీ విప్పినవారే అసలు తప్పు తెచ్చిపెడతారు.

అందుకే గుర్తులకన్నా నూనెధారనే నమ్మే పద్ధతి స్థిరపడింది. పంపు మీది ఒకటో సిలిండరు డెలివరీ వాల్వునూ దాని స్ప్రింగునూ తీసి, హోల్డరును తిరిగి బిగించి, దానికి హంసమెడలా వంగిన సన్నగొట్టం పెట్టి, నూనె పారుతుండగా ఫ్లైవీలును తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతారు. ధార సన్నబడి, చుక్కలై, ఆగినచోట ప్లంజర్ రంధ్రాన్ని మూసిందన్నమాట. అప్పుడు సూచిక ఎదుట ఫ్లైవీలు మీద తయారీదారు చెప్పిన డిగ్రీ ఉండాలి. లేకపోతే పంపును ఫ్లాంజ్ గాడిలో జరపాలి, లేదా షిమ్ అనే పలుచని రేకును మార్చాలి. ఆగినచోటు దాటిపోతే అక్కడినుంచి కొద్దిగా వెనక్కి తిప్పి చూడటం చాలదు; గేర్ల సందు లెక్కలో కలవకుండా బాగా వెనక్కి తెచ్చి, మళ్లీ ముందుకే తిప్పుతూ రావాలి.