ఉబ్బని బుడగ

కిందటేడు మా అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం వంటింటి గట్టు మీద మూడు సీసాలు పెట్టింది. మూడింట్లోనూ గోరువెచ్చని నీళ్ళు, కొలిచి వేసిన ఈస్టు. ఒకదాన్లో గ్లూకోజు, రెండోదాన్లో పంచదార, మూడోదాన్లో పాలచక్కెర. మూతులకి బుడగలు తొడిగింది. కాసేపటికి మొదటిది లేచి నిలబడింది, వెనకాలే రెండోది. మూడోది వాడిపోయిన తోటకూర కాడలా వేలాడుతూనే ఉంది. మర్నాడు పొద్దున చూసినా అంతే.

"అది తీసేసి తేనె పెట్టమ్మా, చూసేవాళ్ళకి బాగుంటుంది" అన్నాను.

"ఎందుకు ఉబ్బలేదో తెలీకుండా తీసేస్తే ఎలా నాన్నా?" అంది.

ఇంజనీరింగు చదివిన నా దగ్గర జవాబు లేదు. లైబ్రరీకి పరిగెత్తాను.

ఈస్టుకి ప్రాణం ఉందని 1837లో ఫ్రాన్సులో కన్యార్ లాటూర్, జర్మనీలో ష్వాన్ ఎవరికి వారే చెప్పారు. రసాయన శాస్త్రంలో ఉద్దండులైన లీబిగ్, వోలర్ నమ్మలేదు సరికదా, 1839లో పేరు పెట్టకుండా ఒక వెక్కిరింత వ్యాసం అచ్చు వేశారు. అందులో ఈస్టు చక్కెర మింగి, ఒక దారిన సారా, మరో దారిన బొగ్గుపులుసు వాయువు వదిలే జంతువు! పెద్దవాళ్ళ పెంకితనం అన్ని దేశాల్లోనూ ఒకటే. గాలి తగిలితే ఈస్టు తక్కువ చక్కెరతోనే ఎక్కువ పెరుగుతుందనీ, గాలి అందకపోతే బోలెడు చక్కెర పులియబెడుతుందనీ 1861లో పాశ్చర్ చూపించాక గాని ఆ నవ్వులు సద్దుమణగలేదు. బుడగ బిగించిన మా సీసాల్లో జరిగింది ఎక్కువగా ఈ రెండోదే.

అయితే ఒక చక్కెర పనికొచ్చి మరొకటి పనికిరాకపోవడం ఏమిటి? ఇది పట్టుకున్నవాడు ఎమిల్ ఫిషర్. గ్లూకోజు, మానోజు, గాలక్టోజు, మూడింట్లోనూ కర్బనం 6, ఉదజని 12, ఆమ్లజని 6 అణువులే. తేడా అంతా అమరికలోనే. 1890 ప్రాంతంలో ఆయన ప్రయోగశాలలో తయారుచేసిన ఫ్రక్టోజులో అసలుదీ, దాని అద్దంలో బొమ్మ లాంటిదీ సగం సగం కలిసి వచ్చాయి. దాన్ని ఈస్టుకి పెడితే అసలుదాన్ని తినేసి, అద్దంలో బొమ్మని ముట్టుకోకుండా వదిలేసింది. ఈ చక్కెరల్ని విడదీసి గుర్తుపట్టడానికి వాడిన ఫినైల్ హైడ్రజీను ఆవిర్లు పీల్చి పీల్చి ఆయన ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు. 1894లో థీర్‌ఫెల్డర్‌తో కలిసి రకరకాల ఈస్టులకి రకరకాల చక్కెరలు పెట్టి చూశాడు. ఏది తిన్నదో ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో, ఏది తినలేదో అంత శ్రద్ధగానూ రాసుకున్నాడు. ఆ ఏడే ఎంజైముకీ చక్కెరకీ సంబంధం తాళానికీ తాళంచెవికీ ఉన్నట్టిదన్నాడు.

మూడో సీసా సంగతి తేలింది. పంచదార అంటే గ్లూకోజూ ఫ్రక్టోజూ ముడివేసుకున్నది. ఆ ముడి విప్పే ఇన్వర్టేజు ఈస్టు దగ్గరుంది. పాలచక్కెర గ్లూకోజూ గాలక్టోజుల ముడి. దాన్ని విప్పే లాక్టేజు రొట్టెల ఈస్టుకి లేదు. కెఫిర్ అనే పులిసిన పాలలో ఉండే కొన్ని ఈస్టులకి ఉంది.

ఇదంతా చెబుతుంటే మా ఆవిడ పకపకా నవ్వింది. చిన్నప్పుడు గ్లాసులకొద్దీ పాలు తాగిన నాకు, ఈ దేశం వచ్చాక సీరియల్‌లో పాలు పోసుకుంటే కడుపు ఉబ్బరం. పెరుగైతే ఫరవాలేదు. పెద్దయ్యాక లాక్టేజు తగ్గిపోయే వాళ్ళు మనలో చాలామందే. అందుకని బల్ల సొరుగులో ఎప్పుడూ లాక్టేజు మాత్రలుంటాయి.

అమ్మాయి సొరుగు తెరిచింది. పాలచక్కెర, ఈస్టు మళ్ళీ కొత్తగా కలిపి, నా మాత్ర ఒకటి పొడిచేసి అందులో వేసింది. పక్కనే మాత్ర లేని సీసా కూడా పెట్టింది. భోజనాలయ్యి గిన్నెలు సర్దుకునేసరికి మాత్ర వేసిన సీసా మీద బుడగ మెల్లిగా మెడ ఎత్తింది. ఫెయిర్‌కి నాలుగు సీసాలూ వెళ్ళాయి. తేనె వెళ్ళలేదు.