కుర్చీకీ, ఫీజు చీటీకీ చుట్టరికం

యూనివర్సిటీకి కొత్త వైస్ ఛాన్సలర్‌ని వేశారని పేపర్లో పడితే మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. అదే, ఫీజు కట్టే గడువు దగ్గరపడిందని పిల్ల చీటీ పట్టుకొస్తే మాత్రం గుండెలో రాయి పడుతుంది. పాలవాడికి ఆపాలా, చిట్టీ పాడుకోవాలా, చేతి గాజులు తాకట్టుకు వెళ్ళాలా అని లెక్కలు వేసేది మనమే కదా! ఈ రెండు వార్తలకీ ఏమీ సంబంధం లేదనిపిస్తుంది గానీ, నూరేళ్ళ సంగతులు తిరగేసి చూస్తే ఆ కుర్చీకీ ఈ చీటీకీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టింది. తర్వాత వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో స్వాతంత్ర్యోద్యమం మీద ప్రభుత్వం సాగించిన దమననీతికి నిరసనగా ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. అంత పెద్ద కుర్చీని వదులుకోవడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి! 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానంలోకి వచ్చారు. 1936లో మళ్ళీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా ఉన్నారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళం ఏర్పాటు చేశారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. కుర్చీలో ఉన్నవారి మాట మీద గౌరవం ఉంటే ఇచ్చే చేతులు ముందుకొస్తాయన్నమాట.

అయితే అప్పుడు కూడా చదువు ఉత్తినే రాలేదు. ఫీజు కట్టలేని, పూట గడవని పిల్లలు వారాలు చేసుకుని చదివేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. వారాలబ్బాయికి విస్తరి వేసి, నెయ్యిచుక్క వడ్డించి పంపిన మన అమ్మమ్మలూ, నాయనమ్మలూ ఎంతమంది పట్టభద్రులను తయారుచేశారో ఏ బడ్జెట్టులోనూ రాసి ఉండదు. ఆడపిల్లకు మాత్రం ఆ వారాల భాగ్యం కూడా లేదు. ఇంట్లో డబ్బుంటే, అదీ పెద్దవాళ్ళ మనసుంటేనే ఆమె చదువు.

కాలం మారింది. ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. వాటితోపాటు డొనేషన్లూ వచ్చాయి. సీటుకింతని పెళ్ళికట్నంలా బేరం! 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ ఏడే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా వెలిసింది. ఆ తర్వాత 1992లో ప్రైవేటు మెడికల్ కాలేజీలకిచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేస్తే, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు రాజీనామా చేయవలసి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు సగం, డబ్బు కట్టే సీట్లు సగం అని పంచింది. 2002లో ఇంకో తీర్పు ఆ పంపకాన్ని రద్దు చేసింది. 2003 తీర్పు తర్వాత రిటైరయిన జడ్జి పెద్దగా ఉన్న కమిటీలు ప్రైవేటు కాలేజీల ఫీజును తేల్చడం మొదలుపెట్టాయి.

మరి వైస్ ఛాన్సలర్? 1991 చట్టం ప్రకారం ఆయన పేరును వెతికేది ముగ్గురు సభ్యుల కమిటీ. యూనివర్సిటీ తరఫున ఒకరు, యు.జి.సి. తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. వైస్ ఛాన్సలర్‌గారు డిగ్రీ పట్టా మీద సంతకం పెడతారు గానీ, అనుబంధ ప్రైవేటు కాలేజీలో మన పిల్ల ఫీజు ఎంతన్నది ఆయన చేతిలో లేదు. ఒక్కొక్కప్పుడు ఆ కుర్చీలోనే ఎవరూ ఉండరు. తెలంగాణలో 2019లో పదవీకాలం ముగిశాక, పలు యూనివర్సిటీలు 2021 దాకా ఇన్‌ఛార్జి అధికారుల చేతుల మీదుగానే నడిచాయి. ఇంటికి యజమాని లేకపోతే వచ్చిన చుట్టం ఎవరిని పలకరించాలి?

2008లో బి.సి. పిల్లలకు కూడా ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళలో మొదటిసారి ఆడపిల్ల ఇంజనీరింగు గడప తొక్కింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. మా వీధిలో ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చీ, సర్టిఫికెట్లు చేతికి రాక, వాళ్ళమ్మ నానుతాడు అమ్మి విడిపించుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆ డబ్బును తల్లుల ఖాతాలోకే వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీలకే అన్నారు. పద్ధతి మారినప్పుడల్లా బ్యాంకుకీ కాలేజీకీ తిరిగే కాళ్ళు మాత్రం మనవే.

ఫీజు పెరిగినా, రావలసింది ఆగినా ఇంట్లో మొదట వాయిదా పడేది ఆడపిల్ల చదువే. అందుకే ఈసారి పేపర్లో వైస్ ఛాన్సలర్ వార్త కనిపిస్తే పేజీ తిప్పకండి. ఎవరిని వేశారు, కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంది, ఫీజు సంగతి ఎవరు తేలుస్తున్నారు, బకాయి ఎంతుంది అని చదవండి. కూరగాయలవాడి దగ్గర అర్ధరూపాయి లెక్క వదలనివాళ్ళం, పిల్ల చదువు లెక్క అడగడానికి మొహమాటపడటం దేనికి?