మొదటి షాట్‌గన్: ముందు లైసెన్స్, తర్వాతే తుపాకీ

హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీలో పాల్గొన్నారు. ట్రాప్, స్కీట్ రెండూ షాట్‌గన్ ఆటలే. గాల్లోకి ఎగిరే 110 మి.మీ. క్లే బిళ్లలను కాల్చాలి, పిట్టలను కాదు.

లైసెన్స్: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 21 ఏళ్లు నిండాలి. ధవళేశ్వరం వాళ్లకు లైసెన్స్ ఇచ్చేది తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్. దాదాగారి తుపాకీ ఇంట్లో ఉన్నా, ఆయన లైసెన్స్ మనవడికి చెల్లదు, కొత్తగా తీసుకోవాల్సిందే. 21 లోపు పిల్లలు నిబంధనల ప్రకారం కోచ్ పర్యవేక్షణలో నేర్చుకోవచ్చు.

ఏది కొనాలి: 12 బోర్, కింద ఒకటి పైన ఒకటి గొట్టాలున్న రకం. పక్కపక్కన గొట్టాలున్న పాత తుపాకీ పోటీలకు అంత అనువు కాదు.

ఎలా చూడాలి: ధర కన్నా ఒంటికి కుదరడం ముఖ్యం. తుపాకీ ఎత్తి భుజానికి ఆనిస్తే, తల వంచకుండానే కన్ను గొట్టం మీదికి రావాలి. కుదరకపోతే గురి తప్పుతుంది, భుజం, చెంప నొప్పెడతాయి.

అందుకే ముందు రేంజ్‌లో కోచ్ తుపాకీతో కొన్నాళ్లు కాల్చి చూడండి. డబ్బు ఆ తర్వాత పెట్టొచ్చు. కొన్నాక తుపాకీ, తూటాలు వేర్వేరుగా తాళం వేసి పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటారు కదా!