గుంటూరు గ్రహణం నుంచి ఊపిరితిత్తుల చిత్రణ దాకా: హీలియం చరిత్రపై ఒక పరిశీలన

1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో హీలియంను కనుగొన్నాడన్న మాట తెలుగునాట తరచుగా వినబడుతుంది. 1990లలో ఈ వాయువుకు చెందిన ఒక రూపమే మానవ శ్వాసకోశాన్ని ఎం.ఆర్.ఐ.లో స్పష్టంగా చూపింది. అందువల్ల దాని తొలి ఘట్టాన్ని సరిచూడవలసి ఉన్నది.

ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణ ఛాయ తెలుగునేల మీదుగా సాగింది. జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలోను, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను పరిశీలనకు పూనుకున్నారు. సౌరజ్వాలల వర్ణపటంలో జాన్సెన్ ప్రాధాన్యమిచ్చినవి హైడ్రోజన్ రేఖలు. గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూడవచ్చునని మరునాడే నిరూపించడం ఆయన అసలు ఘనత. అది చిన్నది కాదు. పసుపు రేఖ సోడియం డి రేఖ వద్దనో, దాని సమీపంలోనో ఉన్నదని నమోదు చేసినవాడు పోగ్సన్. కొత్త మూలకం ఆ సందిగ్ధంలోనే దాగి ఉన్నది. ఆయన నివేదిక మాత్రం ప్రచారానికి నోచుకోలేదు. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ చేసిన పరిశీలనతో ఆ రేఖ సోడియానిది కాదని తేలింది. భూమిపై హీలియంను 1895లో రామ్సే గుర్తించాడు. కనుక ఆవిష్కరణను గుంటూరుకే కట్టబెట్టడం చరిత్రకు నిలవదు. మచిలీపట్నానికి దక్కవలసిన గుర్తింపు ఇంకా దక్కలేదు.

వైద్యానికి అక్కరకు వచ్చినది సాధారణ హీలియం కాదు, అరుదైన హీలియం-3. ఊపిరితిత్తులలో అధికభాగం గాలి. హైడ్రోజన్ తక్కువ కావడంతో మామూలు ఎం.ఆర్.ఐ.లో అవి మసకగా కనిపిస్తాయి. లేజరు కాంతితో రుబీడియం ఆవిరిలోని ఎలక్ట్రాన్లను ఒకే దిశకు మళ్లించి, ఆ క్రమాన్ని వాయు కేంద్రకాలకు బదలాయిస్తే సంకేతం వేల రెట్లు బలపడుతుంది. ఒకసారి ఖర్చయిన ధ్రువణం తిరిగి రాదు. రోగి ఊపిరి బిగపట్టిన కొద్ది సెకన్లలోనే చిత్రణ ముగియాలి. వేగం ఇక్కడ సౌకర్యం కాదు, అనివార్యం. 1994లో ఎలుక ఊపిరితిత్తులలో జెనాన్‌తో మొదలైన ఈ పద్ధతి 1996 నాటికి హీలియం-3తో మనుషులను చేరింది.

హీలియం-3 ప్రధానంగా అణ్వస్త్రాలకై నిల్వచేసిన ట్రీటియం క్షయం నుంచి లభించేది. సరిహద్దు తనిఖీలలోని న్యూట్రాన్ శోధకాలకు దాని వాడకం పెరగడంతో వైద్యానికి కొరత ఏర్పడింది. పరిశోధకులు మళ్లీ జెనాన్-129 వైపు మళ్లారు. జెనాన్‌ను 1898లో రామ్సేతో కలిసి కనుగొన్న ట్రావర్స్, తరువాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి సంచాలకుడు కావడం ఇక్కడ గుర్తుకు రాక మానదు. జెనాన్ రక్తంలో కరుగుతుంది. కనుక గాలి ఎక్కడిదాకా చేరిందన్నదే కాక, రక్తంలోకి ఎంత ప్రవేశించిందన్నది కూడా తెలుస్తుంది. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని అనుమతించినది మాత్రం మొదటి ప్రయోజనానికే.