సైనిక శిక్షణలో ఆడపిల్లల జుట్టు: చరిత్ర చెప్పే సంగతులు

ముసునూరు, నూజివీడు ప్రాంతాల్లో మామిడి తోటల పక్క రోడ్ల మీద తెల్లవారుజామున పరుగు సాధన చేసే యువకుల నడుమ ఇప్పుడు ఆడపిల్లలు కూడా కనిపిస్తున్నారు. కొందరి లక్ష్యం పోలీసు ఉద్యోగం, మరికొందరిది సైన్యం. పిల్ల దూరదేశం వెళుతుందనే బెంగ, ఉద్యోగంలోని ప్రమాదం, పెళ్లి ఆలస్యమవుతుందనే చింత ఇళ్లలో సహజంగానే చర్చకు వస్తాయి. ఇవన్నీ అయ్యాక తల్లులు, అమ్మమ్మలు కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కడ పిల్ల జడ కత్తిరించేస్తారటగదా డాక్టరుగారూ, నిజమేనా?"

ఈ ప్రశ్న విని నవ్వేవారున్నారు. నవ్వవలసిన విషయం కాదిది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. నడుము దాకా దిగిన జడ వెనుక అయిదారేళ్ల పోషణ ఉంటుంది. అంతకుమించి, మన సమాజంలో స్త్రీ జుట్టు మీద కత్తి పడడానికి ఉన్న చరిత్ర చిన్నది కాదు. ఆ చరిత్రనూ, ప్రపంచ సైన్యాలు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరునూ, వైద్యశాస్త్రం చెప్పే మాటనూ కలిపి చూస్తే ఆ తల్లుల ప్రశ్నకు సరైన సమాధానం దొరుకుతుంది.

రెండు రకాల కత్తిరింపులు

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి కొన్ని కులాల్లో భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించే ఆచారం బలంగా ఉండేది. బాల్యవితంతువులకు సైతం ఈ శిక్ష తప్పేది కాదు. ఆచారం పోయినా దాని నీడ భాషలోనూ మనసులోనూ మిగిలింది. జుట్టు తీయించడమంటే అమంగళమనే భావం అక్కడినుంచే వచ్చింది. ఐరోపాలోనూ ఇటువంటి చేదు చరిత్ర ఉంది. 1944లో ఫ్రాన్సుకు విముక్తి లభించినప్పుడు, జర్మన్లతో సంబంధం పెట్టుకున్నారన్న ఆరోపణ మీద వేలాది స్త్రీలకు నడివీధిలో గుండు చేసి ఊరేగించారు.

అయితే ఇదే తెలుగునేల మీద తిరుమల కొండపై స్త్రీలు మొక్కు చెల్లించుకుని, తలనీలాలు సమర్పించి, సంతోషంగా కొండ దిగి వస్తారు. వారిని ఎవరూ అమంగళంగా చూడరు. రెండు చోట్లా జరిగే పని ఒకటే. మొదటిచోట ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగలేదు, రెండవచోట ఆమె తానే కోరుకుంది. సైనిక శిక్షణ గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

కందకాలు, పేలు, గుండు

స్త్రీలు ఆయుధం పట్టడం మనకు కొత్త కాదు. హైదరాబాదు నిజాం అలీఖాన్ కొలువులో జఫర్ పల్టన్ పేరుతో స్త్రీల పటాలం ఉండేది. సిపాయిల తరహా దుస్తులతో, తుపాకులతో కవాతు చేసిన ఆ స్త్రీలు 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధానికి కూడా వెళ్లారు. కాని స్త్రీల జుట్టు సైనిక నిబంధనల్లోకి ఎక్కి లోకమంతటా చర్చకు వచ్చింది ఇరవయ్యవ శతాబ్దపు ప్రపంచయుద్ధాల కాలంలోనే.

1917లో రష్యాలో మరియా బొచ్కరేవా అనే రైతుబిడ్డ స్త్రీలతో ఒక పోరాట దళాన్ని ఏర్పరచింది. పెట్రోగ్రాడ్‌లో సుమారు రెండు వేలమంది ముందుకు రాగా, కఠిన శిక్షణకు నిలిచినవారు మూడు వందలమంది. చేరినవారందరికీ మొదట చేసిన పని నున్నగా గుండు చేయడం. కందకాల్లో నెలల తరబడి స్నానం లేకుండా బతికే సైనికుడికి పేలు శత్రువుకంటే ముందు ఎదురయ్యే బాధ. కాబట్టి ఇందులో ఆరోగ్య కారణం ఉంది. దానితోపాటు పాత జీవితాన్ని గుమ్మం బయటే వదిలి రావాలనే ఉద్దేశమూ ఉంది. ఈ రెండు కారణాలూ అప్పటినుంచి దాదాపు ప్రతి సైన్యంలోనూ కలగలిసిపోయాయి. ఏది ఆరోగ్యం కోసమో, ఏది లొంగదీయడం కోసమో విడదీసి చెప్పడం కష్టమైంది.

ఇక్కడ వైద్యశాస్త్రం ఒక ముఖ్యమైన విషయం చెబుతుంది. టైఫస్ జ్వరాన్ని పేలు వ్యాపింపజేస్తాయని 1909లో ట్యునీషియాలో పనిచేస్తున్న చార్లెస్ నికోల్ నిరూపించారు. అందుకు ఆయనకు 1928లో నోబెల్ బహుమతి లభించింది. ఇది మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు, వేరే జబ్బు. ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది బట్టల కుట్లలో దాగే ఒంటి పేను. తలలో కాపురముండే పేను దాని దగ్గరి చుట్టమే అయినా టైఫస్ విజృంభణకు కారణం అది కాదు. అంటే యుద్ధరంగంలో ప్రాణాలు కాపాడేది ప్రధానంగా బట్టలు ఉడకబెట్టడం, మార్చుకోవడం, స్నానం చేయడం. తల గొరిగితే దురద, పుండ్లు, ఈపుల బెడద తప్పుతుంది. అది కూడా చిన్న ప్రయోజనం కాదు గాని, ప్రాణరక్షణ మాత్రం కాదు.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ గుండు జోలికి పోలేదు. 1938లో ఏర్పడిన అక్కడి మహిళా సైనిక సేవాదళంలో నియమం సులభమైనది: జుట్టు ఎంత ఉన్నా సరే, చొక్కా కాలరుకు తగలకూడదు. పొడవు జుట్టువారు చుట్టి పైకి పెట్టుకునేవారు. కెన్నెత్ మెల్లన్‌బీ అనే శాస్త్రవేత్త 1941లో ప్రచురించిన పరిశీలనలో బ్రిటన్ పారిశ్రామిక నగరాల బాలికల్లో దాదాపు సగంమందికి తల పేలున్నాయని తేలింది. పేలు పేద దేశాలకే పరిమితమని భావించేవారికి ఇది కనువిప్పు. పేలున్నంత మాత్రాన గుండు అవసరం లేదనీ, తల పరీక్ష, మందు, సన్నపళ్ల దువ్వెన చాలుననీ అక్కడి అనుభవం చూపింది.

ఝాన్సీరాణి దళంలో

అదే యుద్ధకాలంలో భారతీయ స్త్రీలు రెండు వైపులా సైనిక శిక్షణ పొందారు. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన మహిళా సహాయక దళంలో చేరిన భారతీయ వనితలకు ఖాకీ చీర కూడా యూనిఫారమే. చీరతోపాటు కొప్పు కూడా నిలిచింది.

రెండవ వైపు సుభాస్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజులోని ఝాన్సీరాణి దళం. 1943 అక్టోబరు 22న సింగపూరులో దీని శిక్షణ శిబిరం ప్రారంభమైంది. దళానికి నాయకత్వం వహించిన కెప్టెన్ లక్ష్మి వృత్తిరీత్యా వైద్యురాలు. 1938లో మద్రాసు వైద్య కళాశాలనుంచి ఎం.బి.బి.ఎస్. పట్టా పొంది, 1940లో సింగపూరు వెళ్లారు. దళంలో చేరినవారిలో అత్యధికులు మలయా రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన తమిళ కుటుంబాల అమ్మాయిలు. మన తెలుగు కూలీ కుటుంబాలు కూడా ఆ మలయా తోటల్లోనే బతుకుతుండేవి. కన్నదేశాన్ని కళ్లతో చూడని పిల్లలు ఆ దేశం కోసం చీర విడిచి ప్యాంటు, చొక్కా, టోపీ ధరించారు. చాలామంది జుట్టు కత్తిరించుకున్నారు. ఆనాటి ఛాయాచిత్రాల్లో కెప్టెన్ లక్ష్మి సైతం పొట్టి జుట్టుతోనే కనిపిస్తారు.

1945లో రంగూను విడిచి వెనుదిరిగినప్పుడు ఆ దళంలోని స్త్రీలు వర్షంలో, బురదలో, విమానాల దాడినుంచి తప్పించుకుంటూ రాత్రిళ్లు నడిచారు. స్నానానికి నీళ్లు, తల ఆరబెట్టుకోవడానికి సమయం లేని ఆ పరిస్థితుల్లో పొట్టి జుట్టు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వితంతువు తల మీద బలవంతంగా పడిన కత్తెరకూ, ఈ అమ్మాయిలు తాము ఎంచుకున్న పనికోసం అందుకున్న కత్తెరకూ మధ్య ఉన్న దూరం ఎంతో పెద్దది.

స్వతంత్ర భారతంలో

వైద్య, నర్సింగ్ విభాగాలకు వెలుపల మన సైన్యం స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది. చెన్నైలోని శిక్షణ అకాడమీనుంచి 25 మందితో కూడిన తొలి బృందం 1993 మార్చిలో బయటికి వచ్చింది. 2016 జూన్ 18న మన హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లుగా నియుక్తులయ్యారు. 2021 మే నెలలో బెంగళూరులో 83 మంది యువతులు మిలిటరీ పోలీసు విభాగంలో తొలి మహిళా జవాన్లుగా శిక్షణ ముగించారు. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఉత్తర్వుతో తలుపులు తెరిచిన జాతీయ రక్షణ అకాడమీనుంచి 2025 మే 30న 17 మంది అమ్మాయిలు ఉత్తీర్ణులై బయటికి వచ్చారు. ఆ కవాతు చిత్రాల్లో వారి పొట్టి జుట్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది.

శిక్షణలో జుట్టు ఎందుకు అడ్డమవుతుందో తెలుసుకుంటే నియమాల మీద కోపం కొంత తగ్గుతుంది. నేల మీద బోర్లా పడుకుని తుపాకి గురిపెట్టేటప్పుడు తల వెనుక ముడి ఉంటే హెల్మెట్‌ను ముందుకు తోస్తుంది. హెల్మెట్ కళ్ల మీదికి జారితే గురి కనపడదు. విషవాయువులనుంచి కాపాడే ముసుగు చర్మానికి గట్టిగా అతుక్కోవాలి. మధ్యలో పాయ వెంట్రుకలు చేరితే గాలి లోపలికి దూరుతుంది. యంత్రాల దగ్గర వేలాడే జడ ప్రమాదకరం. పైగా శిక్షణలో తెల్లవారకముందే లేచి, నిమిషాల్లో తయారై వరుసలో నిలబడాలి. అంత పొడవు జడ అల్లుకోవడానికి అక్కడ వేళ ఎక్కడిది?

బిగుతు ముడి చేసే హాని

పొడవు జుట్టు ఉంచుకోనిచ్చిన సైన్యాల్లో మరొక సమస్య తలెత్తింది. ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా రోజంతా బిగించి కట్టే ముడి వల్ల కుదుళ్లు లాగబడి నుదుటి అంచునా, కణతల దగ్గరా జుట్టు పలచబడుతుంది. దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. గ్రీన్లాండు స్త్రీలు జుట్టును బిగించి పైకి కట్టుకోవడం వల్ల కలిగిన బట్టతలను 1907లోనే వైద్యులు వర్ణించారు. మొదట్లో నొప్పి, చిన్న చిన్న కురుపులు వస్తాయి. ఆ దశలో ముడి వదులు చేస్తే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి కొనసాగితే కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఏ నూనె రాసినా ఫలితముండదు.

అమెరికా వాయుసేన 2021 ఫిబ్రవరిలో నియమాలు మార్చి, స్త్రీలు ఒకటి లేదా రెండు జడలు వేసుకోవడానికి అనుమతించింది. బిగుతు ముడుల వల్ల తలనొప్పి, జుట్టు దెబ్బతినడం, ఊడిపోవడం కలుగుతున్నాయని సైనికురాళ్లు చెప్పడమే అందుకు చూపిన కారణం. అదే సంవత్సరం అమెరికా పదాతి సైన్యం కూడా పోనీటెయిల్‌కు అనుమతినిచ్చింది. స్త్రీల జుట్టుకు కనీస పొడవు ఉండాలన్న నియమాన్ని సైతం తొలగించింది. అంటే పొడవు జుట్టు కోరినవారు జడ వేసుకోవచ్చు, కోరినవారు పూర్తిగా గొరిగించుకోవచ్చు. సైనికురాళ్ల మాట విని నియమాన్ని సవరించినందువల్ల క్రమశిక్షణ కూలిపోలేదు.

తల్లిదండ్రులకు, అమ్మాయిలకు కొన్ని మాటలు

కత్తిరించడం వల్ల జుట్టుకు ఏ హానీ జరగదు. చర్మం పైకి కనిపించే వెంట్రుకలో జీవం లేదు, ప్రాణమంతా కుదురులోనే ఉంది. గొరిగితే ఒత్తుగా వస్తుందన్నదీ, కత్తిరిస్తే మళ్లీ పెరగదన్నదీ రెండూ అపోహలే.

శిక్షణ మొదలైన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు ఊడివస్తే భయపడవద్దు. శ్రమ, నిద్రలేమి, హఠాత్తుగా బరువు తగ్గడం, జ్వరం వంటివాటివల్ల చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు చేరి తర్వాత రాలుతాయి. దీని పేరు టెలోజన్ ఎఫ్లూవియం. కారణం తొలగితే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది. అయితే మన రాష్ట్రంలో స్త్రీలలో సగంమందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి శిక్షణకు వెళ్లకముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, తక్కువగా ఉంటే వైద్యుని సలహాతో ఇనుము మాత్రలు వాడాలి. ఇది జుట్టుకంటే ముందు ఆ అమ్మాయి పరుగుకే అవసరం.

పొడవు జుట్టు ఉంచుకోనిచ్చే చోట తడి జుట్టును ముడివేయకూడదు. ముడి స్థానాన్ని మారుస్తుండాలి. హెల్మెట్ కింద ఇనుప పిన్నులకు బదులు గుడ్డ చుట్టిన రబ్బరు బ్యాండు వాడాలి. పడుకునే ముందు జుట్టు విప్పి వదులుగా అల్లుకోవాలి. దువ్వెన, తువ్వాలు ఎవరివి వారే వాడుకోవాలి. పేలు కనపడితే సిగ్గుపడకుండా మొదటిరోజే వైద్య విభాగానికి చెప్పాలి. పేలు మురికికి గుర్తు కావు, తలలు దగ్గరగా ఉన్న చోట ఎవరికైనా ఎక్కుతాయి.

చివరిగా తల్లులకు ఒక మాట. నియమం ఏమిటో ముందే తెలుసుకుని, నిర్ణయం అమ్మాయినే తీసుకోనివ్వండి. కత్తిరించక తప్పని శిక్షణ అయితే, అక్కడికి వెళ్లాక అపరిచితుల మధ్య ఒక్క నిమిషంలో జడ తెగిపడే బదులు, ఇంటి దగ్గరే మీ సమక్షంలో కత్తిరించుకుని వెళ్లడం మేలు. ఆ రోజు పిల్ల కళ్లలో నీళ్లు తిరిగితే తిట్టవద్దు. అలాగే మీరు కూడా "అయ్యో, ఇలా అయిపోయావే" అని కంటతడి పెట్టవద్దు. సెలవుల్లో పొట్టి జుట్టుతో ఊరికి వచ్చిన పిల్లను ఇరుగుపొరుగు ఏ మాట అన్నా, ఆ మాటకు సమాధానం చెప్పే బాధ్యత ఇంటి పెద్దలది. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున జుట్టు పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగం చేతికి వచ్చే వయసు మాత్రం అలా మళ్లీ పెరిగి రాదు.