హోమ్ స్టేజింగ్: అమ్మకానికి ఇంటి ముస్తాబు

హోమ్ స్టేజింగ్ అంటే అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇంటిని, చూడవచ్చినవారి కంటికి దాని మంచి గుణాలు ముందుగా ఆనేలా సర్ది ముస్తాబు చేయడం. తూర్పు వెలుతురు, ధారాళమైన గాలి, పాతకాలపు టేకు తలుపు, వంటింటి కిటికీలోంచి కనబడే వేపచెట్టు... ఏ ఇంటికైనా ఇలాంటి బలాలు రెండో మూడో ఉంటాయి. ఏళ్ళ తరబడి కాపురం చేసిన సామాను వెనక అవి మరుగున పడిపోతాయి. వాటిని మళ్ళీ వెలికి తీయడమే ఈ పని.

దీన్ని ఇంటీరియర్ డిజైనింగ్‌తో కలిపేసి మాట్లాడుతుంటారు గానీ రెండూ వేరు. డిజైనరు ఆ ఇంట్లో ఉండబోయే మనిషి ఇష్టాయిష్టాలు అడిగి పని మొదలుపెడతారు. స్టేజింగ్ చేసేవారికి ఆ మనిషి ఎవరో తెలియదు. ఇప్పుడున్నవారేమో ఖాళీ చేసి వెళ్ళబోతున్నారు. అందుకే ఇందులో కొత్తవి తెచ్చిపెట్టడం కన్నా ఉన్నవి తీసేయడమే ఎక్కువ.

ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. పెళ్ళిచూపులకు వస్తున్నారంటే ముందుగది సర్ది, మంచం మీద దుప్పటి మార్చి, పక్కింటి నుంచి నాలుగు కుర్చీలు తెచ్చి వేయడం, సంక్రాంతి ముందు గోడలకు సున్నాలు వేయించడం ఎరిగినవాళ్ళమే. అక్కడ ముస్తాబు వచ్చే మనుషుల కోసం, పండగ కోసం. ఇక్కడ చూపులు ఇంటికే.

పుట్టుక, వ్యాప్తి

వృత్తిగా ఇది అమెరికాలో మొదలైంది. ఇంటీరియర్ డిజైన్ నుంచి ఇళ్ళ అమ్మకం రంగానికి వచ్చిన బార్బ్ ష్వార్జ్ 1972లో సియాటిల్ ప్రాంతంలో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టారు. ‘స్టేజ్’ అన్న మాట ఆమె నాటకరంగం నుంచి తెచ్చుకున్నదే. తెర లేచే ముందు రంగస్థలాన్ని సిద్ధం చేసినట్టు ఇంటిని సిద్ధం చేయాలని ఆమె ఉద్దేశం. 1999లో ఈ వృత్తివారికి ఒక అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది.

సామాన్య ప్రేక్షకుల దాకా దీన్ని తీసుకెళ్ళింది టెలివిజనే. బ్రిటన్‌లో చానల్ 5 వారి ‘హౌస్ డాక్టర్’ కార్యక్రమం 1998లో మొదలైంది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆన్ మారిస్, అమ్ముడుపోక నిలిచిపోయిన ఇళ్ళకు వెళ్ళి లోపాలు మొహమాటం లేకుండా చెప్పి సరిచేసేవారు. అమెరికాలో హెచ్‌జీటీవీ 2004 నుంచి ప్రసారం చేసిన ‘డిజైన్డ్ టు సెల్’లో ఒక్కో ఇంటికి 2,000 డాలర్ల హద్దు పెట్టుకుని పనిచేసేవారు. ఆ హద్దే జనానికి అసలు పాఠం నేర్పింది. గోడలు పగలగొట్టకుండా, రంగుతో, దీపాలతో, సర్దుబాటుతో ఎంత మార్పు తేవచ్చో అందరూ కళ్ళారా చూశారు.

పని సాగే తీరు

కాపురం ఉన్న ఇంట్లో చేసేది ఒక రకం, ఖాళీ ఇంట్లో చేసేది మరో రకం. ఖాళీ ఇంటికి సోఫాలు, మంచాలు, తివాచీలు, దీపాలు అద్దెకు తెచ్చి వేస్తారు. ఇల్లు అమ్ముడుపోగానే తీసుకుపోతారు. కాపురం ఉన్న ఇల్లు ఇంతకన్నా కష్టం. అక్కడ ప్రతి వస్తువు వెనకా ఒక జ్ఞాపకం ఉంటుంది, అది తీయమంటే ఇంటివారికి మనసు చివుక్కుమంటుంది.

1980లలో కట్టిన ఒక మామూలు డాబా ఇంటి హాలును ఊహించుకుందాం. పన్నెండు అడుగులకు పదహారు. అందులో మూడు సీట్ల సోఫా, రెండు ఒంటి సోఫాలు, గోడవారగా దివాన్ కాట్, టీపాయ్, పిల్లల బడి షీల్డులతో నిండిన షోకేసు, మూలన బీరువా. బీరువా సగం కిటికీని మింగేసింది. గోడకు ముదురు ఆకుపచ్చ రంగు. నట్టనడుమ ఒకే ఒక ట్యూబ్‌లైటు. గుమ్మంలో నిలబడి చూస్తే హాలు ఇరుకని అనిపిస్తుంది. నిజానికి అది ఇరుకు కాదు.

మొదట దివాన్, ఒంటి సోఫాలు బయటికి వెళ్ళాలి. బీరువాను కిటికీ దగ్గర నుంచి జరపాలి. గుమ్మం నుంచి కిటికీ దాకా మనిషి దేనికీ తగలకుండా నడిచి వెళ్ళేంత దారి, మూడడుగులైనా, ఏర్పడాలి. ఆ తరవాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది, కిటికీకి కొట్టిన దోమల జాలీ. నాలుగైదేళ్ళ దుమ్ము పట్టిన జాలీ తెల్లటి పగటి వెలుగును బూడిదరంగు చేసేస్తుంది. విప్పి, సబ్బునీళ్ళలో మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగిస్తే అదే కిటికీలోంచి గదిలోకి పడే వెలుగులో తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పనిని నేను రంగుల కన్నా ముందు పెడతాను.

గోడల సంగతికొస్తే, ముందు నెమ్ము ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపాలి, పెచ్చులు గీకాలి, లప్పం పెట్టాలి, ప్రైమరు కొట్టాలి, అప్పుడే రంగు. లేత రంగులు వాడమనడానికి కారణం ఫ్యాషన్ కాదు. అవి వెలుతురును ఎక్కువగా వెనక్కి పంపుతాయి, చూసేవారి సొంత ఇష్టానికి అడ్డు రావు. కర్టెన్ల కడ్డీని కిటికీ చట్రం మీద కాకుండా పైకప్పుకు దగ్గరగా బిగిస్తే గది ఎత్తుగా కనబడుతుంది. దీపాల్లో రంగు ఉష్ణోగ్రత ముఖ్యం. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు వెలుగు నీలిఛాయతో ఉంటుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల దీపాలు పసుపు ఛాయతో హాలుకు, పడకగదికి ఇంపునిస్తాయి. ఒకే గదిలో రెండు ఛాయలూ కలిస్తే ఫొటోలో గోడ మచ్చలు మచ్చలుగా పడుతుంది.

వంటింట్లో మాత్రం అలంకారం జోలికి పోకూడదు. గట్టు మీద స్టవ్వు తప్ప మిగతావన్నీ లోపలికి పోవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీది నూనె జిడ్డు వదలాలి, కుళాయి కారకూడదు. కొనేవారు తిప్పి చూసేవాటిలో సింకు కుళాయి ఒకటి.

ఇక ద్వారం. ఆ కాలపు ఇళ్ళలో సింహద్వారానికి మంచి టేకు వాడి, తరవాత ప్రతి పండక్కీ దాని మీద ఎనామిల్ పెయింటు కొడుతూ పోయారు. మూడు నాలుగు పొరల కింద చెక్క ఊపిరాడకుండా ఉంటుంది. పెయింటు రిమూవరు పూసి, ఉబ్బిన పొరను రేకుతో గీకి, ఉప్పు కాగితంతో ముందు గరుకు రకం, తరవాత నునుపు రకం పట్టిస్తే చెక్క చారలు ఒక్కొక్కటే పైకి తేలుతాయి. చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి పాలిష్‌లో మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. రెండు మూడు రోజుల పని ఇది. కొత్త తలుపుకయ్యే ఖర్చులో కొద్ది భాగంతో, ఇప్పుడు డబ్బిచ్చినా సులువుగా దొరకని చెక్క కళ్ళ ముందుకొస్తుంది.

ఫలితం ఎంత?

అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం 2023 సర్వేలో, కొనేవారి తరఫు ఏజెంట్లలో 81 శాతం మంది, స్టేజింగ్ వల్ల ఆ ఇంట్లో తాము ఉంటున్నట్టు ఊహించుకోవడం కొనుగోలుదారులకు సులువైందని చెప్పారు. ముస్తాబు చేయడానికి బాగా ముఖ్యమైన గదులు ఏవంటే 39 శాతం హాలును, 36 శాతం పెద్ద పడకగదిని, 30 శాతం వంటింటిని పేర్కొన్నారు. ఇవి ఏజెంట్ల అభిప్రాయాలే తప్ప ధరల కొలతలు కావు. 2015లో వెలువడిన ఒక విద్యావిషయక అధ్యయనం ఎనిమిది వందలమందికి పైగా కొనుగోలుదారులకు ఒకే ఇంటిని గోడ రంగు, సామాను మార్చి మార్చి చూపింది. ఇల్లు నచ్చడంలో తేడా వచ్చింది గానీ, ఇవ్వజూపిన ధరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముస్తాబు చేస్తే లక్షలు పెరుగుతాయని చెప్పేవారి మాట యథాతథంగా నమ్మనక్కరలేదు. ఇల్లు నలుగురి కంట్లో పడుతుందన్నది మాత్రం నమ్మదగిన మాట.

తెలుగు ఇళ్ళలో

హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో పాత ఫ్లాట్ల అమ్మకం తరచూ అద్దెవాళ్ళు ఉండగానే సాగుతుంది. వారి సామాను, వారి వంట మధ్యలో ఇల్లు చూపించాల్సి వస్తుంది. అందువల్ల ఇక్కడ స్టేజింగ్ ఎక్కువగా కనబడేది బిల్డర్ల మోడల్ ఫ్లాట్లలో. వాస్తు కూడా లెక్కలోకి వస్తుంది. కొనేవారు ఫోనులో దిక్సూచి పెట్టుకుని మరీ తిరుగుతారు. గుమ్మం దిక్కు ఎవరూ మార్చలేరు గానీ, ఈశాన్యంలో పేరుకున్న బరువులు తీసి శుభ్రం చేసి, బీరువాను నైరుతికి జరపడం ఇక్కడి ముస్తాబులో భాగమే.

పాత ఇళ్ళకు ఈ కళ అవసరం ఇంకా ఎక్కువ. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళకు అసలైన బలం నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా. వానజల్లు కొడుతోందని దాని మీద ఫైబరు రేకులు వేసి, ఆ ఇంటి వెలుగును చేతులారా ఆర్పేస్తుంటారు. ఎర్రటి రెడాక్సైడు గచ్చుల మీద విట్రిఫైడ్ టైల్స్ పరచడమూ అలాంటిదే. మూడు తరాల పాదాల రాపిడికి నున్నబడిన గచ్చును మళ్ళీ చేయించాలంటే ఆ పని తెలిసిన మేస్త్రిని వెతుక్కోవాలి. కడిగి, పగుళ్ళు పూడ్చి, కొబ్బరినూనె పలచగా పట్టించి గుడ్డతో తుడిస్తే చాలు, ఆ ఎరుపు తిరిగి వస్తుంది. దాన్ని కప్పేయమని సలహా ఇచ్చేవారి మాట వినవద్దని గట్టిగా చెబుతాను.

స్టేజింగ్ పుట్టిన సియాటిల్ శివార్లలోనే ఇవాళ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇళ్ళు కొంటున్నాయి, అమ్ముతున్నాయి. కుటుంబం ఫొటోలు, దేవుడి పటాలు తీసేయాలన్నది అక్కడి స్టేజర్లు మొదట చెప్పే మాట. గడప పసుపు కడగాలి, గుమ్మానికి కట్టిన తోరణం విప్పాలి, ఇల్లు చూపించే రోజుల్లో పోపు వేయకూడదు. గృహప్రవేశం నాడు పాలు పొంగించుకున్న ఇంట్లో పూజామందిరం విప్పి అట్టపెట్టెలో పెట్టడం ఆ ఇల్లాలికి చిన్న విషయం కాదు. చుట్టుపక్కల కొనేవారిలో భారతీయులే ఎక్కువైనప్పుడు ఈ నియమాన్ని సడలించడం మేలు. శుభ్రంగా ఉన్న పూజగది అక్కడ ఇంటికి బలమే అవుతుంది.

హద్దులు

ఉన్న మంచిని చూపడం స్టేజింగ్. ఉన్న లోపాన్ని దాచడం మోసం. నెమ్ము మరక మీద రంగు కొట్టడం, బీటలు వారిన గోడకు పెద్ద పటం తగిలించడం రెండో కోవలోకి వస్తాయి. కొన్ని మోడల్ ఫ్లాట్లలో గదుల తలుపులు బిగించరు, వార్డ్‌రోబ్‌లు పెట్టరు, మామూలు కొలత కన్నా చిన్న మంచాలు వేస్తారు. అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న క్వీన్ సైజు మంచం వేశాక చుట్టూ నడవడానికి ఎంత మిగులుతుందో టేపు పెట్టి కొలుచుకోవడం కొనేవారికి రక్షణ.

భారతదేశంలో 2016 నాటి స్థిరాస్తి చట్టం, అంటే రెరా, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రకటనలోని సమాచారాన్ని గానీ మోడల్ ఫ్లాట్‌ను గానీ నమ్మి అడ్వాన్సు కట్టినవారు, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం చెల్లించాలని 12వ సెక్షను చెబుతోంది. కొనుగోలు మానుకుంటే కట్టిన మొత్తం వడ్డీతో తిరిగి ఇవ్వాలి. అదే చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించింది. బయటి గోడలు, బాల్కనీలు, డక్టులు పోను ఇంట్లో వాడుకోగల నేల, లోపలి అడ్డగోడల మందంతో సహా, అందులోకి వస్తుంది.

ఇటీవల కంప్యూటరులోనే ఖాళీ గది ఫొటోకు సోఫాలు, తివాచీలు, మొక్కలు అతికించే వర్చువల్ స్టేజింగ్ పెరిగింది. అద్దె సామాను ఖర్చు లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ అదే పరికరంతో కిటికీ బయట ఉన్న కరెంటు స్తంభాన్ని మాయం చేయవచ్చు, ఎండిన పెరడును పచ్చగా మార్చవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం దీనిపై 2025లో చట్టం చేసింది. 2026 జనవరి 1 నుంచి అక్కడి ఏజెంట్లు ఇలా మార్చిన ఫొటో వాడితే ఆ సంగతి చెప్పాలి, మార్చని అసలు ఫొటోను కూడా చూసే వీలు కల్పించాలి. వెలుతురు సరిచేయడం, అంచులు కత్తిరించడం వంటి మామూలు సవరణలకు ఈ నియమం వర్తించదు.