రాల్స్, రాంకై, క్రెప్స్

ఊపిరితిత్తుల రోగి కేస్ షీట్‌లో ఒకే చప్పుడుకు ఒక డాక్టరు ‘క్రెప్స్’ అని, మరొకరు ‘రాల్స్’ అని రాస్తారు. ఈ పేచీ పాతదే. 1816లో పారిస్‌లో స్టెతస్కోపు కనిపెట్టిన లేనెక్, ఛాతీలో వినపడే అసహజ శబ్దాలన్నిటినీ ‘రాల్’ అన్నాడు. ఫ్రెంచివాళ్లకు ఆ మాట వింటే చివరి ఘడియల గురక గుర్తొస్తుంది. అందుకని రోగి మంచం పక్కన మాత్రం లాటిన్‌లో ‘రాంకస్’ అనేవాడు. ఎంత దయగల జాగ్రత్త! తర్వాతివాళ్లు ఆ రెంటినీ వేర్వేరు శబ్దాలకు పంచేశారు: చిటపటలకు రాల్స్, గురగురలకు రాంకై. వేడి పెనం మీద ఉప్పు చిట్లినట్టుండే చప్పుడును లేనెక్ ‘క్రెపిటెంట్’ అన్నాడు; మన ‘క్రెప్స్’ ఆ వంశానిదే.

మాట స్థిరపడనప్పుడు చెవులు మాత్రం ఎలా ఏకీభవిస్తాయి? 1988లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 మంది వైద్యులు రోగుల ఛాతీలు పరీక్షించారు. యాదృచ్ఛికంగా కలిసే అవకాశాన్ని తీసేసి ఏకాభిప్రాయాన్ని కొలిచే అంకె కప్పా. పూర్తిగా కలిస్తే 1. పిల్లికూతలకు 0.51 వచ్చింది, చిటపటలకు 0.41. పిల్లికూతలు సాగే రాగం కాబట్టి పట్టుకోవడం తేలికేమో. చిటపట క్షణంలో పోతుంది. ఊపిరి గట్టిగా పీల్చమని అడగకపోతే అసలు వినపడకపోవచ్చు. నా మట్టుకు, షీట్‌లో పొట్టిపేరు ఒక్కటే సరిపోదు: ఎటువైపు, పైనా కిందా, ఊపిరి పీల్చేటప్పుడా వదిలేటప్పుడా, దగ్గిన తర్వాత పోయిందా లేదా రాయాలి. అప్పుడే రెండో డాక్టరు అదే చోట స్టెతస్కోపు పెట్టి సరిచూడగలుగుతాడు.